లెక్క తేల్చేది బయటివాళ్లే కావాలి
ఆఫ్రికాకు ప్రైవేటు పెట్టుబడులు రప్పించడానికి 2017లో, జర్మనీ అధ్యక్షతన జీ20 ‘కాంపాక్ట్ విత్ ఆఫ్రికా’ ఒప్పందం మొదలైంది. చేరిన దేశాల సంస్కరణలకు తోడు నిలిచేది ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు. పురోగతి నివేదికలు రాసేదీ ఆ సంస్థలే. పరీక్ష రాసినవాళ్లే పేపర్లు దిద్దుకుంటే ఆ మార్కులను ఎవరు నమ్ముతారు? ఈ ఒప్పందంలో చేరిన ఘనా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల చెల్లింపులు చాలావరకు ఆపేసింది. ఏడాది తర్వాత ఇథియోపియా కూడా బాండ్ల వడ్డీ ఎగ్గొట్టింది. ఈ ఎగవేతలకు కొవిడ్, యుద్ధాలు, సొంత ప్రభుత్వాల నిర్ణయాలు కూడా కారణాలే. అందుకే ఈ ఒప్పందం మేలెంతో, కీడెంతో విడదీసి చెప్పే స్వతంత్ర సమీక్ష కావాలి. పెట్టుబడి ఎందరికి పని ఇచ్చింది, లాభం ఎవరికి చేరింది, నష్టభయం ఎవరి ఖజానా మోసింది? అడిగే అధికారం ఆఫ్రికా పౌరులకు, పార్లమెంట్లకు ఉండాలి. జవాబులు బహిరంగంగా రావాలి.