త్రీనాట్‌త్రీకి వార్నీషు వద్దు

మన కళాశాల ఎన్.సి.సి. స్టోర్సు గదిలో మూలపడి ఉన్న డ్రిల్ రైఫిళ్ళలో ఒకదాన్ని, బెటాలియన్ వారి అనుమతి తీసుకుని, సెంట్రల్ హాల్లో అద్దాల పెట్టెలో పెట్టాలని విద్యార్థి సంఘం తీర్మానించింది. మంచి మాట. ఆ తీర్మానంలోని రెండో వాక్యమే నాకు గొంతు దిగలేదు. తుపాకి మరీ పాతబడి అసహ్యంగా ఉన్నది గనుక, ఎమరీ కాగితంతో రుద్దించి, ఇనుప భాగాలకు నికెల్ పూత వేయించి, చెక్కకు వార్నీషు కొట్టించి, కొత్తదానిలా చేసి పెట్టాలట. బజార్లో ఎవరినో అడిగి ఖర్చుల అంచనా కూడా తెచ్చారు. "మాస్టారూ, మీకేమన్నా అభ్యంతరం ఉంటే రాసివ్వండి, సంచికలో వేస్తాం" అన్నారు సంపాదకులు. ఉంది. రాస్తున్నాను.

నేను మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పేవాణ్ణి. అంతకుముందు ఇదే మైదానంలో కేడెట్‌ని. కాల్చడానికి మాకు పాయింట్ టూటూ రైఫిలే ఇచ్చేవారు. భుజాన మోయడానికి మాత్రం ఈ త్రీనాట్‌త్రీ. సుమారు నాలుగు కిలోల బరువు. ఎండలో గంటసేపు "బాజూ శస్త్ర" చేస్తే అది నలభై కిలోలవుతుంది. పరేడు అయ్యాక పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ తగిలించి గొట్టంలోంచి లాగడం, నూనె రాయడం, హవల్దారు గారు గొట్టం చివర బొటనవేలి గోరు పెట్టి వెలుతురులో చూసి పెదవి విరవడం, మళ్ళీ లాగడం - నాతోటి వారికి ఇదంతా తెలుసు. కాబట్టి అభిమానం ఉన్నమాట నిజమే. కానీ నేను చెప్పబోయేది అభిమానం సంగతి కాదు.

ముందు ఆ వస్తువు ఏమిటో చూడండి. బోల్టును వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి తిప్పే ఈ ఏర్పాటు జేమ్స్ పారిస్ లీ అనే ఆయన ఊహ. స్కాట్లండులో పుట్టి ఉత్తర అమెరికాలో పెరిగినవాడు. గొట్టం లోపలి మెలిగాడులు లండను దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారం వారివి. రెండూ కలిసి 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. 1907లో వచ్చిన మార్క్ 3 అనే పొట్టి రకమే మన దేశంలో అందరూ ఎరిగినది. జర్మను మౌజర్‌లో బోల్టును పట్టి ఉంచే చెవులు ముందు ఉంటాయి, దీనిలో వెనక ఉంటాయి. వెనక ఉంటే బిగువు కొంచెం తక్కువ. కానీ బోల్టు నడిచే దూరమూ తగ్గుతుంది, చెయ్యి తొందరగా ఆడుతుంది. మ్యాగజీన్‌లో పది తూటాలు. ఇంజనీరింగు విద్యార్థికి ఇది చక్కని పాఠం: ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

ఇక మన తుపాకి. బోల్టు పిడి కింద, బట్ మొదలయ్యే చోట ఇనుప పట్టీ మీద వేలితో తడిమితే ఒక కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఇషాపూర్ అన్న పేరు, 1942 అన్న సంవత్సరం తగులుతాయి. జి.ఆర్.ఐ. అంటే జార్జి రాజు, చక్రవర్తి అని లాటినులో. ముందు చెక్కకు అడ్డంగా ఒక మర ఉంది. మన వేడికీ తేమకూ చెక్క బీటలు వారకుండా ఇషాపూర్ వారు అదనంగా బిగించినది. బోల్టు మీది నంబరు వేరు, తుపాకి మీది నంబరు వేరు. అంటే ఎక్కడో, ఎప్పుడో, రెండు తుపాకుల భాగాలు కలిశాయి. గొట్టంలో గది దగ్గర బెజ్జం పొడిచి, "డి.పి." అని ముద్ర వేశారు. డ్రిల్‌కు తప్ప పనికిరాదని. చివరగా, బట్ మీద ఎవరో కేడెట్ జామెట్రీ పెట్టెలోని కంపాసుతో చెక్కిన రెండక్షరాలు. ఎవరివో తెలియదు, నావి కావు.

ఇందులో ఎమరీ కాగితానికి తట్టుకుని మిగిలేదేది? కిరీటం పోతుంది, సంవత్సరం అరుగుతుంది, కంపాసు అక్షరాలు పోతాయి. మిగిలేది తళతళలాడే ఇనుము. అట్లాంటిది కావాలంటే నాటకాల సామాన్లు అద్దెకిచ్చే వాడి దగ్గరే దొరుకుతుంది గదా!

1942 అన్న అంకె మాత్రం నన్ను వదలదు. ఆ ఏడాది ఇషాపూర్‌లో తయారైన తుపాకులు మన సిపాయిల భుజాల మీద యుద్ధానికి వెళ్ళాయి. ఎల్ అలమైన్ ఎడారిలో నాలుగో ఇండియన్ డివిజన్ ఉంది. అదే ఏడాది ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఇప్పటికీ అక్కడి రణరంగ చౌకులో వాళ్ళ గుర్తులున్నాయి. మన తుపాకి అటు వెళ్ళిందో ఇటు వెళ్ళిందో దాని మీద రాసిలేదు. రెండు దారులూ దానికి తెరిచే ఉన్నాయి. ఆ సంవత్సరాన్ని అలాగే ఉంచి చూపితే మన పిల్లలు ఆ రెండింటినీ అడుగుతారు. నికెల్ పూత పూస్తే ఏమీ అడగరు, ఫొటో తీసుకుంటారు.

తుపాకి ఒంటి మీద రాజ్యం తన మనసు రాసుకుంటుంది. 1857 తర్వాత ఇంగ్లీషు వాళ్ళు మన సిపాయిలకు మెలిగాడులు లేని నున్నని గొట్టాల తుపాకులు ప్రత్యేకంగా చేయించి ఇచ్చారు. గురి కుదరకూడదని. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేశారు, తెల్లవాణ్ణి మినహాయించారు. తర్వాత కాలంలో కాపలా పోలీసుల కోసం ఇదే త్రీనాట్‌త్రీ రకాన్ని నున్నని గొట్టంతో ఫోర్‌టెన్ మస్కెట్‌గా మార్చారు. పది తూటాల పెట్టె స్థానంలో చెక్క దిమ్మ పెట్టి ఒక్కొక్క తూటా మాత్రమే వేసుకునేలా చేశారు. పెద్ద తుపాకి చేతికిస్తూ దాని పళ్ళు పీకి ఇవ్వడమన్నమాట. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది దేనికోసం? డబ్బు కోసం కాదు, తుపాకులూ తూటాల కోసం. ఇప్పుడు ఆలోచించండి: ఎవరైనా ఉత్సాహవంతుడు ఒక ఫోర్‌టెన్ మస్కెట్‌ను పట్టుకుని, దిమ్మ తీసేసి, కొత్త గొట్టం వేసి, "అసలు రూపం తెచ్చాను" అంటే, అతను తెచ్చింది ఏమిటి, పోగొట్టింది ఏమిటి?

అయితే బాగుచేయడమే తప్పా అని అడుగుతారు. కాదు, కానే కాదు. బాగుచేయడం వేరు, కొత్తదానిలా చేయడం వేరు. నా సహాధ్యాయి ఒకడు కెనడాలో స్థిరపడ్డాడు. అక్కడ లైసెన్సు ఉంటే ఈ తుపాకి కొనుక్కోవచ్చు, సీజనులో జింకను వేటాడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కెనడాలోనూ అమెరికాలోనూ సైన్యపు మిగులు తుపాకులు కారుచౌకగా అమ్మారు. రైతులు, చిన్న ఉద్యోగులు కొని, ముందరి చెక్క కోసేసి, బరువు తగ్గించి, వేట తుపాకులుగా మార్చుకున్నారు. ఇప్పుడు అవే తుపాకులకు కోసిన చెక్క వెతికి అతికించి మళ్ళీ యుద్ధకాలపు రూపం తేవడం అక్కడొక వ్యసనం. మా వాడు కొన్నది అట్లా కోసిన నంబర్ 4 రకం. దాన్ని ఏం చేయమంటావని నన్నడిగాడు.

నేను చెప్పింది ఇది. మొదట ప్రాణానికి సంబంధించినవి చూసుకో. బోల్టు ముఖానికీ గొట్టం మొదటి అంచుకూ మధ్య, తూటా అంచు కూర్చునే ఖాళీని సైన్యం కొలతల ప్రకారం చూడు. అంగుళంలో వెయ్యింట 64 వంతులకు తగ్గకూడదు, 74కు మించకూడదు. మించితే ఇత్తడి తొడుగు సాగి తెగుతుంది, వేడి గాలి నీ కంటివైపు వస్తుంది. నంబర్ 4లో బోల్టు తలలు 0 నుంచి 3 వరకు అంకెలతో వస్తాయి, సరిపడేది మార్చుకోవచ్చు. మన నంబర్ 1కి ఆ సౌకర్యం లేదు, ఆర్మరర్ అనుభవమే కొలత. బోల్టు నంబరు కలవని తుపాకిని కొలవకుండా కాల్చేవాడు సాహసి కాదు, వెర్రివాడు. రెండోది తుప్పు. పాత సైనిక తూటాల ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడు అవుతుంది, అంటే ఒక ఉప్పు. గాలిలోని తేమను పట్టి ఇనుమును తినేస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, అందుకే పాత సిపాయిలు మొదట మరిగే నీళ్ళు పోసి కడిగి, ఆ తర్వాతనే నూనె రాసేవారు. కెమిస్ట్రీ చదవనివాడు కూడా చేసిన పని అది. చెక్కకు సొట్ట పడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టు, పీచు ఉబ్బి పైకి వస్తుంది. పైన అవిసెనూనె అరచేత్తో రుద్దు. అంతే. కోసిన చెక్కను కోసినట్టే ఉంచు. ఒక పేదరైతు ఇంటికి మాంసం తెచ్చుకోవడానికి కోశాడది, ఆ కోతకూ గౌరవం ఉంది.

వాడు విన్నాడు. తూటా విషయంలో వాడు నాకు చెప్పిందొకటి మాత్రం ఇక్కడ రాయాలి. యుద్ధపు తూటా మొత్తం లోహపు తొడుగుతో ఉంటుంది, జంతువును దూసుకుని అవతలకు పోతుంది. గాయపడ్డ జింక మైళ్ళు పరిగెత్తి ఎక్కడో చస్తుంది. కాబట్టి వేటగాడు మెత్తని మొన తూటానే వాడాలి, అది లోపల విచ్చుకుని వెంటనే చంపుతుంది. ఈ విచ్చుకునే త్రీనాట్‌త్రీ తూటా 1890ల్లో తయారైంది మన కలకత్తా పక్కనున్న డమ్‌డమ్‌లోనే. క్రూరమైనదని 1899లో హేగ్‌లో యుద్ధానికి నిషేధించారు. మనిషి మీద క్రూరం, జింక మీద దయ! ఈ విడ్డూరాన్ని మా వాడు మంచులో కూర్చుని ఆలోచించాడట.

కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో రేంజర్లనే స్థానిక స్వచ్ఛంద సైనికులున్నారు. 1947 నుంచి వాళ్ళ చేతుల్లో ఉన్నది ఇదే నంబర్ 4. ధ్రువపు ఎలుగుబంటి వస్తే కాచుకునేదీ దానితోనే. 2018 ప్రాంతంలో కొత్త రైఫిలు వచ్చేదాకా, డెబ్బై ఏళ్ళు బాగుచేసుకుంటూ వాడారు. అక్కడ గీతలు, సొట్టలు, అతుకులు ఎవరికీ అసహ్యం కాలేదు.

మనకు మాత్రం వేట ముచ్చట లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక నల్లమలలోనో పాపికొండల్లోనో తుపాకి పట్టుకుని తిరగడం నేరం. జమీందార్ల ఇళ్ళలోని పులితలలు చూసి లొట్టలు వేసేవారితో నాకు పని లేదు. త్రీనాట్‌త్రీ మామూలు పౌరుడికి ఎటూ రాదు, నిషిద్ధ బోరు. అందుకే మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రానికి పాత ఆస్ట్రియా సైన్యపు తూటా పెట్టి .315 పేర పౌరులకు అమ్మింది. చట్టం తలుపు మూస్తే యంత్రం కిటికీలోంచి వచ్చిందన్నమాట.

ఇక మరో పక్షం వారున్నారు. మా విభాగంలోనే ఒక మిత్రుడు, "విద్యాలయంలో తుపాకి ఏమిటండీ, కరిగించి కిటికీ ఊచలు చేయించండి" అంటాడు. ఆయన మాటలో బలం లేకపోలేదు. ఈ తుపాకిని పూజించమని నేనూ అనను. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సి.ఎస్.టి. స్టేషనులో ఏ.కె. రైఫిళ్ళకు ఎదురు నిలిచిన కొందరు పోలీసుల చేతుల్లో ఉన్నది ఇదే. కాలం చెల్లిన పనిముట్టును ఇచ్చి మనిషిని నిలబెట్టడం ఎంత పాపమో ఆ రాత్రి చూశాం. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడులో దానికి వీడ్కోలు చెప్పారు, సంతోషం. అయితే వాడుకలోంచి తీసేయడం ఒకటి, కళ్ళ ముందునుంచి తీసేయడం మరొకటి. కరిగించేవారూ నికెల్ పూసేవారూ శత్రువుల్లా కనిపిస్తారు గాని చేసే పని ఒకటే. ఇద్దరూ 1942ను చెరిపేస్తారు. నికెల్ వారిది మరీ కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం.

కాబట్టి సంఘం కార్యదర్శికి నా మనవి. తుపాకిని విప్పి, కిరసనాయిలుతో పాత జిడ్డు తుడిచి, ఎర్రతుప్పు ఉన్నచోట మాత్రం సన్నని ఉక్కు ఊలును నూనెలో ముంచి మెల్లగా తీసి, చెక్కకు అవిసెనూనె పట్టిద్దాం. ఒక ఆదివారం పని. చిందీలూ నూనే నేను తెస్తాను, మూడో సంవత్సరం కుర్రాళ్ళు నలుగురు చాలు. డి.పి. బెజ్జం పైకి కనబడేలా, ముద్రలున్న కుడివైపు జనానికి ఎదురుగా ఉండేలా పెడదాం. పక్కన అట్టమీద ఇషాపూర్, ఎల్ అలమైన్, తెనాలి, రాజవొమ్మంగి - నాలుగు పేర్లూ రాద్దాం. బట్ మీది ఆ రెండక్షరాలు ఎవరివో పూర్వవిద్యార్థులు ఈ సంచిక చదివి చెబితే వాటినీ రాద్దాం, శిక్ష ఏమీ ఉండదు. వానాకాలం తేమకు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి. నికెల్ పూతకు అంచనాలో రాసిన డబ్బు మిగులుతుంది గనుక, దానితో పెట్టెకు మంచి తాళం కొనండి.