దిల్‌సుఖ్‌నగర్ నేర్పని మంచు పాఠం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా సందుసందునా హాస్టళ్లు. ఐఈఎల్‌టీఎస్, జీఆర్ఈ, వీసా ఇంటర్వ్యూ అన్నింటికీ ఇక్కడ తర్ఫీదు దొరుకుతుంది. మంచు తుపానులో ప్రాణం ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్లే అరుదు.

విదేశీ చదువుకు ప్రయాణం ముందురోజు సూట్‌కేసును తూకం వేస్తారు. 23 కిలోలు దాటితే ఏం తీయాలా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన. ఆవకాయ, కారప్పొడి, కుక్కర్ కదలవు. బరువైన జర్కిన్ మాత్రం మంచం మీదకు చేరుతుంది, అక్కడే కొనుక్కోవచ్చులే అని.

ఆ ‘అక్కడ’ మంచు ఎలా ఉంటుందో చూడండి. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉంది. 2020 జనవరి 17న అక్కడి సెయింట్ జాన్స్ నగరంలో ఒక్కరోజే 76 సెంటీమీటర్ల మంచు పడింది. ఇళ్ల తలుపు తీస్తే ఎదురుగా మంచు గోడ. ఎనిమిది రోజులు అత్యవసర పరిస్థితి, మంచు తోడటానికి సైన్యం దిగింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోనే కేప్ బ్రెటన్ అనే మరో దీవిలో కొన్నిచోట్ల 150 సెంటీమీటర్లు. మన దేశం నుంచి వెళ్లిన వేలమంది చదువుకున్న యూనివర్సిటీ ఉన్నది ఈ కేప్ బ్రెటన్‌లోనే.

మనకు తుపానంటే వాన. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు ఇక్కడివాళ్లు చూసింది అదే. ఆ నీళ్లు వస్తుంటే కనబడతాయి, మేడ ఎక్కితే ప్రాణం దక్కుతుంది. మంచు తుపాను అలా కాదు. కొత్తగా మంచు కురవాల్సిన పని కూడా లేదు, నేల మీది పొడిమంచును గాలి లేపితే చాలు. గాలి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటి, 400 మీటర్ల అవతల ఏమీ కనిపించని స్థితి నాలుగు గంటలు ఉంటే కెనడాలో దాన్ని బ్లిజార్డ్ అంటారు. అందులో బస్టాపు నుంచి గదికి నడిచే దారి కూడా తప్పిపోవచ్చు. గాలితో కలిసి చలి మైనస్ 30 అనిపించినప్పుడు, కప్పుకోని చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. కారులో చిక్కుకుంటే హీటర్ వేసేముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయాలి. లేదంటే విషవాయువు లోపలికే వస్తుంది.

2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా మంచు పగిలి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. అందులో గుంటూరు జిల్లా దంపతులున్నారు. ఆ రోజు అక్కడ తుపాను లేదు. మంచు గురించి తెలియకపోతే నిర్మలమైన రోజున కూడా ప్రాణం పోతుంది.

లక్షల ఫీజు తీసుకునే కన్సల్టెన్సీలు వెళ్లేముందు ఒక్క గంట ఈ పాఠం చెప్పాలి. అక్కడ ఒక చలికాలం గడిపొచ్చిన సీనియర్ చేత చెప్పిస్తే ఇంకా మేలు. తల్లిదండ్రులూ, ఫీజు కట్టేముందు ఆ గంట ఉందా లేదా అని అడగండి.