బాలకృష్ణుణ్ని పంపేసిన దుర్గం

నెల్లూరు నుంచి ఆత్మకూరు దాటి పడమటికి వెళ్తుంటే వరిచేలు వెనకబడి, తుప్పలూ రాతిగుట్టలూ మొదలవుతాయి. ఆ వరసలో గోడలా నిటారుగా లేచిందే ఉదయగిరి దుర్గం. ఎత్తు మూడువేల అడుగుల పైమాటే! పొద్దున్నే బయల్దేరితే చూసుకుని రాత్రికి నెల్లూరు చేరొచ్చు.

శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఇక్కడ ఎందుకు ఆగిపోయాడో కొండను కిందినుంచి చూస్తేనే తెలుస్తుంది. 1513లో మొదలైన ముట్టడి 1514లో గానీ ముగియలేదు. అప్పుడీ కోట ఒడిశా గజపతులది. ఒకరి వెనక ఒకరు నడవగల సన్నదారి తప్ప పైకి తోవ లేదట. రాయలు కొండరాళ్లు కొట్టించి బాటలు వేయించాడని తర్వాతికాలంలో విజయనగరానికొచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్‌ రాశాడు. చివరికి కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు.

రాయలు ఇక్కడినుంచి బాలకృష్ణుడి విగ్రహాన్నీ పట్టుకెళ్లాడు. హంపీలో దానికోసం పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ గుడి ముందున్న శాసనమే దీనికి సాక్ష్యం. విగ్రహం ఇప్పుడు అక్కడా లేదు... దెబ్బతిన్న రూపంలో చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది! హంపీ గుడిని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. ఆ దేవుణ్నిచ్చిన ఊరి పేరు మాత్రం పక్క జిల్లాల్లోనే చాలామందికి తెలియదు.

కొండెక్కడం పిల్లలకు సరదా, పెద్దలకు పరీక్ష. పైన బురుజులు, చిన్న మసీదు, పెద్ద మసీదు, కూలిన కట్టడాలు. విజయనగరం తర్వాత గోల్కొండ పాలకుల చేతికి వచ్చిన గుర్తులివి. నీళ్లూ తినుబండారాలూ వెంట తీసుకెళ్లాల్సిందే. ఎండాకాలం వద్దు, డిసెంబరు, జనవరి హాయి. మోకాళ్లు మొరాయించేవారు కిందే ఉండి రంగనాయకుల గుడి చూడొచ్చు.

కొయ్య గరిటెలు కొనకుండా మాత్రం ఊరు దాటొద్దు. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది లాంటి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారిక్కడ. ముస్లిం కుటుంబాల్లో తరాలుగా వస్తున్న పని, ఆడవాళ్ల చేతులే ఎక్కువ. వీటికి భౌగోళిక గుర్తింపూ ఉంది. నాన్‌స్టిక్‌ పెనాలకు గీత పడదు. అయినా ప్లాస్టిక్‌ గరిటెతో పోల్చి బేరమాడేవారే ఎక్కువ! ఒక్కో చెంచానీ చేత్తో చెక్కి, నునుపు చేయడం పక్కన కూర్చుని చూస్తే ఆ బేరం నోటికి రాదు.

తిరుగుదారిలో పొద్దుంటే ఆత్మకూరు నుంచి కాస్త మళ్లి, పెన్నమీద 78 టీఎంసీల సోమశిల జలాశయాన్నీ చూసి రావచ్చు.