తాతగారి తలుపు... మనవరాలి బల్ల

కోనసీమలో ఓ మండువా ఇల్లు. పెద్దాయన పోయాక రెండేళ్ళు తాళం పడి ఉంది. వానలకి వెనక వసారా కుంగింది. ఇక నిలబెట్టడం మన వల్ల కాదని అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని, పడగొట్టేయడానికే నిశ్చయించారు. పాత కలప కొనే వ్యాపారి వచ్చి స్తంభాలు, దూలాలు, వాసాలు లెక్కపెట్టుకున్నాడు. పెద్దన్నయ్య ఉయ్యాల బల్ల తీసుకున్నాడు. రెండో ఆయన దేవుడి మందసం. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే చిన్నాయన మాత్రం పెరటి తలుపు రెక్క ఒక్కటి చాలన్నాడు. రెండు రెక్కల తలుపే గానీ, రెండోది ఎప్పుడో మామిడి చెక్కతో మార్చారట. దాన్ని చెదలు పొట్టుపొట్టు చేసేశాయి. మిగిలిన పాత రెక్క మాత్రం గుండ్రాయిలా ఉంది.

మినీ వ్యాన్‌లో తలుపు అపార్ట్‌మెంట్‌కి చేరింది. ఆవిడ దాన్ని పైకీ కిందకీ చూసి, ''ఏమండీ, తలుపు తెచ్చారు బాగుంది. దీనికి ఇల్లేదీ?'' అంది.

మూడు నెలలు బాల్కనీలో గోడకి చేరబడి ఉంది. దాని వెనక పావురాలు కాపురం పెట్టాయి. ఐదో తరగతి చదివే కూతురు మంచం మీద బోర్లా పడుకుని హోమ్‌వర్క్ రాస్తుంటే, ఓ రోజు ఆయనకి బుర్రలో వెలిగింది. బల్ల చేద్దాం! అప్పటిదాకా ఆయన చేసిన చెక్కపని ఏమిటంటే... గోడకి మేకు కొట్టి క్యాలెండర్ తగిలించడం. అది కూడా రెండుసార్లు ఊడింది.

అసలు అది టేకేనా అన్న అనుమానం ముందు తీర్చుకోవాలి. పాత చెక్క రంగు చూసి మోసపోకూడదు, ఎండావానా అన్ని చెక్కల్నీ ఒకే బూడిదరంగులోకి తెచ్చేస్తాయి. అడుగున, కనిపించని చోట, ఉలితో ఓ చిన్న పెచ్చు లేపి చూడాలి. టేకయితే లోపల తేనెరంగు కనిపిస్తుంది. చేత్తో రుద్దితే కాస్త జిడ్డుగా తగులుతుంది. పాత తోలు చెప్పుల వాసనలాంటిది వస్తుంది. ఈ జిడ్డే దానికి కవచం. చెద అంత తేలిగ్గా ముట్టకపోవడానికి, నీళ్ళు పడినా త్వరగా చీకిపోకపోవడానికి కారణం ఆ చేవలో ఉండే నూనెలు, రసాయనాలే. చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగానికి ఆ బలం లేదు. కొత్త టేకు కొనేవాళ్ళు చాలామంది మోసపోయేది అక్కడే. లేత చెట్టు టేకు కూడా టేకే, కానీ అందులో సగం తెలుపే. తూర్పు తీరంలో పాత ఇళ్ళున్నవాళ్ళు 'మాది రంగూన్ టేకు' అని గొప్పగా చెప్పుకుంటారు. ఒకప్పుడు బర్మా నుంచి ఓడల్లో దుంగలు వచ్చేవి కాబట్టి అందులో నిజం ఉండొచ్చు. 2014లో మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. కాబట్టి పాత తలుపుని కట్టెల కింద అమ్మేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

మొదటి ఆదివారం ఆయన గరుకు కాగితం తీసుకుని బాల్కనీలో కూర్చున్నాడు. తలుపు మీద మూడు పొరల రంగు. పైన ముదురు గోధుమ, దాని కింద ఆకుపచ్చ, అడుగున నీలం. రుద్దుతుంటే పిండిలా రాలింది. సరదాగానే ఉంది. పాకే వయసున్న రెండోవాడు గడప దాటి వచ్చి, ఆ పిండిలో చేతులాడించి, నోట్లో పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. సాయంత్రం ఆవిడ చీపురుతో ఊడ్చేసింది.

బుధవారం ఆవిడ తమ్ముడు వచ్చాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. బాల్కనీ చూశాడు. ''బావా, ఈ రంగు ఎప్పటిది?'' అని అడిగాడు. ''నా చిన్నప్పటిది. అడుగుది నాన్నగారి పెళ్ళప్పటిదేమో'' అన్నాడు ఈయన. ''పొడి ఎవరూ ముట్టుకోలేదు కదా?''

ఎవరూ మాట్లాడలేదు.

విషయం ఏమిటంటే, పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. రంగు నిగనిగలాడటానికి, తొందరగా ఆరడానికి. పసుపు, ఆకుపచ్చ లాంటి రంగుల్లో అది మరీ ఎక్కువగా ఉండేది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. అవి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం. గోడ మీద గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం దానివల్ల పెద్ద చిక్కు లేదు. గీకినప్పుడు, కాల్చినప్పుడు, పొడి రుద్దుడు రుద్దినప్పుడే ప్రమాదం. ఆ దుమ్ము కంటికి కనిపించనంత సన్నగా ఇల్లంతా పరుచుకుంటుంది. చీపురు దాన్ని తీసెయ్యదు, మళ్ళీ గాల్లోకి లేపుతుంది. పెద్దవాళ్ళకన్నా పసిపిల్లల ఒంట్లోకి సీసం ఎక్కువగా ఎక్కుతుంది. ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని 2021లో ఆ సంస్థ సూచించింది.

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రక్తం తీశారు. రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో తలుపు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన రోజూ రాత్రి తడిగుడ్డతో బాల్కనీ, హాలు, కిటికీ ఊచలు తుడిచాడు. గుడ్డ పిండిన నీళ్ళు మార్చి, మళ్ళీ తుడిచాడు. ఆవిడ పిల్లాడి బొమ్మలన్నీ సబ్బునీళ్ళలో కడిగింది. రెండోసారి కడుగుతుంటే ఆయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

రిపోర్టులో రెండుకి కాస్త పైన ఉంది. నెల తర్వాత మళ్ళీ ఓసారి చూద్దాం, ఈలోగా ఆ పొడి దరిదాపుల్లోకి పిల్లాణ్ణి రానివ్వకండి అన్నారు డాక్టరు. రెండోసారి ఇంకాస్త తగ్గింది.

తలుపుని బయటికి తోలేస్తానంది ఆవిడ. న్యాయమే. అయితే ఆటోనగర్ వైపు షెడ్డున్న ఓ ముసలి వడ్రంగి మేస్త్రీ, తెలిసినవాళ్ళ ద్వారా, ఆ పని తన షెడ్డులో చేసుకోమన్నాడు. పద్ధతి మాత్రం మార్చారు. పాత రంగుని పొడిగా రుద్దడం లేదు, మంటపెట్టి కాల్చడం అసలే లేదు. ఆరుబయట ప్లాస్టిక్ పట్టా పరిచి, రంగు కరిగించే రిమూవర్ పూసి, అది ఉబ్బాక తడిగా ఉండగానే గీకేయడం. చేతికి తొడుగులు, ముఖానికి ఎన్95 మాస్కు. ఆ మాస్కు దుమ్మునే ఆపుతుంది, రిమూవర్ ఆవిరిని ఆపదు. అందుకే ఆరుబయట చేయడం. వచ్చిన చెత్తంతా పట్టాతో సహా మూటగట్టారు. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతికారు. మీ ఇంట్లో కూడా పాత రంగున్న తలుపో మంచమో ఉండి, చిన్నపిల్లలు తిరుగుతుంటే, దాని జోలికి వెళ్ళకపోవడమే ఉత్తమం. గట్టిగా ఉన్న పాతరంగు మీద కొత్త రంగు వేసేసుకున్నా తప్పు లేదు.

రంగు వదిలాక మేస్త్రీ చేసిన మొదటి పని... పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని చెక్కంతా నిదానంగా నిమరడం. ''మేకు కనపడదు బాబూ, రంపానికే కనపడుద్ది'' అన్నాడు. ఏడు దొరికాయి. అన్నీ తల విరిగి లోపలే ఉండిపోయినవి. ఒక్కటి చిత్రికకి తగిలినా పదునంతా పోతుంది. కరెంటు రంపానికి తగిలితే ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోమంటే నామోషీ పడేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి.

ఇక లెక్క. తలుపు ఆరడుగుల ఎత్తు. ఏడంగుళాల పలకలు మూడు, వెనక అడ్డబద్దలతో బిగించినవి. మందం అంగుళంపావు. మూడున్నర అడుగుల దగ్గర అడ్డంగా కోస్తే బల్ల పైభాగం వచ్చేసింది. మిగిలిన రెండున్నర అడుగుల ముక్కల్ని నిలువునా మూడేసి చీలికలు చేస్తే తొమ్మిది. రెండేసి కలిపి అతికిస్తే నాలుగు కాళ్ళు. తొమ్మిదోది పిల్ల కాళ్ళు ఆనించుకోవడానికి కింద అడ్డకర్ర. బల్ల ఎత్తు పెద్దవాళ్ళకి సరిపడేంత, అంటే 29 అంగుళాలు పెట్టారు. పిల్ల ఎదుగుతుంది, బల్ల ఎదగదు కదా! అప్పటిదాకా కుర్చీలో దిండు, కాళ్ళ కింద ఆ కర్ర.

పొడుగు వైపు పట్టీలకి మాత్రం చెక్క చాల్లేదు. అడితికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ధర ఘనపుటడుగుల్లో చెబుతారు. కొత్తవాళ్ళు అక్కడే తెల్లమొహం వేస్తారు. లెక్క తేలికే. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని మూడింటినీ హెచ్చవేసి 144తో భాగించండి. మూడడుగులు, నాలుగంగుళాలు, ఒక అంగుళం అయితే 12. దాన్ని 144తో భాగిస్తే పన్నెండో వంతు. అలాంటివి రెండు కావాలి కాబట్టి ఆరో వంతు. కాగితం మీద ముందే రాసుకుని వెళ్తే అడితి గుమాస్తా మర్యాద కూడా కాస్త మారుతుంది.

మేస్త్రీకీ ఈయనకీ ఒకే ఒక్క చోట వాదన వచ్చింది. పైభాగాన్ని కింది చట్రానికి జిగురు పూసి, మరమేకులు గట్టిగా బిగించి, కదలకుండా చేసేద్దామని ఈయన. వద్దని మేస్త్రీ. ''మీ తలుపు వానాకాలం పట్టేసేదా, వేసవిలో లొడలొడలాడేదా?'' అని అడిగాడు. నిజమే. తాతగారి ఇంట్లో శ్రావణమాసం వస్తే పెరటి తలుపు భుజం పెట్టి తోస్తేగానీ తెరుచుకునేది కాదు. చెట్టు నరికి వందేళ్ళయినా చెక్క గాలిలో తేమని పీలుస్తుంది, వదులుతుంది. అలా ఉబ్బడం, కుదించుకోవడం అంతా అడ్డంగానే. పొడవులో మార్పు ఉన్నా లేనట్టే. పైభాగాన్ని కదలకుండా కట్టిపడేస్తే వేసవిలో అది ఎక్కడో ఒకచోట నిలువునా పగులుతుంది. అందుకని చట్రంలో మరమేకు దూరే బెజ్జాన్ని గుండ్రంగా కాకుండా అడ్డానికి కాస్త పొడుగ్గా చేస్తారు. మేకు పట్టి ఉంచుతుంది, చెక్క కొంచెం జరుగుతుంది. కొత్తగా చేయించిన బల్లలు ఏడాదికే పగిలిపోతున్నాయని చెక్కని తిట్టేవాళ్ళలో చాలామంది తిట్టాల్సింది ఆ బెజ్జాన్ని.

మూడు పలకల్నీ అతకడానికి బిగించే క్లాంపులు అంత పొడుగువి లేవు. మేస్త్రీ నులకతాడు తెచ్చి రెండు చుట్లు చుట్టి, మధ్యలో ఓ కర్రముక్క దూర్చి మెలితిప్పాడు. నులకమంచం బిగించడం చూసినవాళ్ళకి కొత్తేం కాదు. టేకుకి జిగురు ఓ పట్టాన పట్టదు, ఆ జిడ్డు ఒప్పుకోదు. అతికే అంచుని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు పూయాలి. నిన్న చిత్రిక పట్టి ఇవాళ అతికిస్తే ఎల్లుండి ఊడుతుంది.

రంపపు పొట్టు సంగతి ఓ మాట. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. రోజూ దాన్లోనే బతికే వడ్రంగులకి ముప్పు ఎక్కువ. ఆదివారాల పనికి అంత భయం అక్కర్లేదు గానీ మాస్కు మాత్రం ఉండాలి. మేస్త్రీకి కూడా ఓ మాస్కు తెచ్చిచ్చాడు ఈయన. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో వారం నుంచి పెట్టుకున్నాడు.

పాలిష్ వద్దనుకుని మరిగించిన అవిసె నూనె పూశారు. ఇది చాలామందికి తెలీదు... ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలపడేస్తే, ఏ నిప్పూ తగలకుండానే అంటుకోగలవు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి ఉండలోంచి బయటికి పోదు. గుడ్డల్ని తీగ మీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో ముంచేయాలి.

బల్ల ఇంటికొచ్చింది. పెట్టగానే ఊగింది! ఈయన రంపం అందుకోబోతే ఫోన్లో మేస్త్రీ గట్టిగా కేకేశాడు. ''ముందు బల్లని పక్కకి తిప్పి చూడండి. ఒక్కో కాలూ కోస్తా పోతే ఆఖరికి పీట మిగులుద్ది.'' తిప్పితే ఊగలేదు. లోటు గదిలో గచ్చుదట.

ఆవిడ తడిగుడ్డతో బల్లని ఓసారి తుడిచి, గుడ్డని వెలుతురులో పట్టుకుని చూసింది. ఏమీ అంటలేదు. అప్పుడు పుస్తకాలు తెచ్చి పెట్టింది.

పైభాగంలో కుడివైపు చివర, పాత గొళ్ళెం తీసిన చోట వేలు పట్టేంత చిల్లు ఉండిపోయింది. వచ్చే ఆదివారం లప్పం పెట్టి పూడ్చేస్తానన్నాడు ఆయన. వద్దంది కూతురు. పెన్సిల్ అందులో సరిగ్గా నిలబడుతోందట.