చిరునామా ఎవరిచ్చారో చూడండి

డార్క్ వెబ్ అనగానే మాదకద్రవ్యాలు, దొంగ కార్డులే చాలామందికి గుర్తొస్తాయి. జర్నలిజం పాఠాలు చెప్పే నాకు మాత్రం, ఆఫీసులో జరిగే అక్రమం తాలూకు కాగితాలు దగ్గర పెట్టుకుని, పేరు బయటపడకుండా ఎవరికివ్వాలా అని మథనపడే చిన్న ఉద్యోగి గుర్తొస్తాడు. గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ వంటి పత్రికలు, పేరు చెప్పకుండా కాగితాలు పంపే సెక్యూర్‌డ్రాప్ అనే సదుపాయాన్ని నడుపుతున్నది అలాంటివారి కోసమే. అది డార్క్ వెబ్ సైట్లను తెరిచే టోర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. చిరునామా 56 అక్షరాలు, ఆపైన డాట్ ఆనియన్. మోసగాడు అచ్చం అలాంటి పేజీనే కట్టి, పోలిక ఉన్న చిరునామా పెడితే ఆ కాగితాలూ, ఆ మనిషి గుట్టూ వాడి చేతిలో పడతాయి.

“మొదటి ఆరేడు అక్షరాలు, చివరిది చూసుకుంటే చాలదా సార్?” అని క్లాసులో ఓ అమ్మాయి అడిగింది. చాలదమ్మా. ఆనియన్ చిరునామా ఎవరో కోరి పెట్టుకునే పేరు కాదు, సైటు పబ్లిక్ కీ అనే గూఢలిపి సంఖ్య నుంచి పుడుతుంది. కంప్యూటర్‌తో కోట్లాది కీలు తయారుచేయిస్తూ పోతే మొదటి కొన్ని అక్షరాలు కోరినట్టే కుదురుతాయి. ఫేస్‌బుక్ ఆనియన్ చిరునామా దాని పేరుతో మొదలయ్యేది అలా వెతికి పట్టుకోబట్టే. చివరి అక్షరమంటావా, ఇప్పటి ఆనియన్ చిరునామాలన్నీ ఇంగ్లిష్ ‘డి’తోనే ముగుస్తాయి, అసలైనా నకిలీ అయినా. మొత్తం 56 కుదర్చడం మాత్రం ఎవరి తరమూ కాదు. అందుకే చూస్తే అన్నీ చూడాలి.

అడ్రస్ బార్‌లో ఉల్లిపాయ బొమ్మ కనిపించిందని ధీమాపడే వాళ్లూ ఉన్నారు. దారి భద్రమని మాత్రమే ఆ బొమ్మ చెబుతుంది, అవతల ఉన్నదెవరో చెప్పదు.

సెర్చ్‌లో దొరికిన చిరునామా అయినా, ఎవరో మెసేజ్‌లో పంపినదైనా వాడొద్దు. 2021లో పాత 16 అక్షరాల చిరునామాలు ఆగిపోయాయి గనక “ఇదిగో కొత్తది” అంటే నమ్మబుద్ధేస్తుంది. నమ్మకండి. టోర్ బ్రౌజర్‌లో ఆ పత్రిక మామూలు వెబ్‌సైట్ పేరు మీరే టైపు చేసి, అక్కడున్న చిరునామానే తీసుకోండి. ఆఫీసు కంప్యూటర్‌లోనూ, ఆఫీసు వైఫైలోనూ ఈ పని చేయొద్దు.

అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు పార్లమెంటు 2014లో చట్టం చేసింది, అది ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి వాళ్లను కాచుకోవలసిన బాధ్యత మనది. ఇలాంటి సదుపాయం పెట్టే ప్రతి తెలుగు పత్రికా ఆ 56 అక్షరాలనూ పూర్తిగా, తరచుగా అచ్చువేయాలి. అచ్చయి ఇంటికి చేరిన అక్షరాన్ని ఏ మోసగాడూ మార్చలేడు.