గర్భిణీ రక్షణము: మావియు, శిశువు ఎదుగుదలయు



గడచిన మాఘమాసమున మా పొరుగింటి కోడలికి ఎనిమిదవ నెల. కడుపు చిన్నదిగా నున్నదని చూచినవారెల్ల ననుచుండిరి. "సరిగా తినదు, బిడ్డ యెట్లు పెరుగును?" అని అత్తగారు; "చిన్నబిడ్డయైన కాన్పు సులభము, పోనిండు" అని పేరంటాండ్రు. ఆ పిల్ల మాత్రము మాతో మెల్లగా, "పిన్నిగారూ! నిన్నటినుండి బిడ్డ కదలిక తగ్గినది" అని చెప్పినది. విన్నంతనే మేము ఆమెను ఆసుపత్రికి తోడ్కొని పోయితిమి. లోపము తిండిలో కాదు, మావిలో నున్నదని పరీక్షలో తేలినది.

మావి యనగా కాన్పు పిదప పడిపోవునది యని మాత్రమే మనలో పలువు రెరుగుదురు. సంస్కృత వైద్యగ్రంథములు దీనిని 'అపర' యనినవి. తల్లి రసవహనాడితో శిశువు నాభినాడి ముడివడి యున్నదని సుశ్రుతసంహిత శారీరస్థానమున గలదు. నెలలు నిండునప్పటికి మావి సుమారు అరకిలో తూగును. తల్లి నెత్తురును బిడ్డ నెత్తురును ఇందు సాధారణముగా కలియవు. నడుమనున్న పలుచని పొరగుండా ప్రాణవాయువు, ఆహారసారము బిడ్డకు చేరును, మలినములు తల్లివైపునకు వచ్చును.

తొలినెలలలో గర్భాశయపు రక్తనాళములు తగినంత వెడల్పు కానిచో మావికి నెత్తురు చాలదు. రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు, పొగాకు కూడ కారణములు కావచ్చును. ఏ కారణమును తెలియకయు పోవచ్చును. అప్పుడు శిశువు, కరవునాడు ఇల్లాలు ఉన్న గంజిని ముందు పసివారికి పోసినట్లు, దొరికిన నెత్తురును మెదడునకు, గుండెకు ముందుగా పంపుకొనును. తల పెరుగును, పొట్ట సన్నగిల్లును. బిడ్డ మూత్రము తగ్గుటచే ఉమ్మనీరు తగ్గును. శక్తి చాలక కదలికయు తగ్గును.

చిన్న కడుపెల్ల రోగము కాదు. తల్లిదండ్రుల పోలికచే చిన్నగా పుట్టు బిడ్డలును కలరు. ఆ భేదమును స్కానింగును, బొడ్డుత్రాటి రక్తప్రవాహమును చూపు డాప్లరు పరీక్షయు తెలుపును. 24 వారముల తరువాత, పొత్తికడుపు ఎముకనుండి గర్భాశయపు పైకొనవరకు కొలిచిన సెంటీమీటర్లు వారముల సంఖ్యకు ఇంచుమించు సరిపోవలెను. మావిని బాగుచేయు మందు లేదు. కనిపెట్టి చూచుచు తగిన వేళకు కాన్పు చేయుటయే ఉపాయము. ముందటి కాన్పున ఇట్టి చిక్కు కలిగినవారికి 16 వారములలోపల స్వల్పమోతాదు ఆస్పిరిన్ ప్రారంభించుట కలదు. వైద్యులు చెప్పనిదే మ్రింగరాదు.

ఆ పిల్లకు 35వ వారమున కాన్పు చేసిరి. ఆడబిడ్డ, 1,700 గ్రాములు. పగలు రేయి తల్లి రొమ్మున హత్తుకొని వెచ్చగా పెంచినది. నేడా పాప బోసినవ్వులు నవ్వుచున్నది. "కోడలిని ఊరక ఆడిపోసుకొంటిని" అని అత్తగారు మాకడ కంటనీరు పెట్టిరి.

గర్భిణి "కదలిక తగ్గినది" అన్నచో రేపు చూతమనకుడు. ఆనాడే వైద్యులకడకు కొనిపొండు. ఆమెను నిందింపక, ఆమె మాట నమ్ముడు.