వార్డు మాట బడ్జెట్‌కు ముందే వినాలి

సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుడికి, కోరుట్లలో చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే బీడీ కార్మికురాలికి పట్టపగలు జరిగే వార్డు సభకు రావడమంటే ఆ పూట కూలి పోగొట్టుకోవడమే. అలాంటి సభల్లో వినిపించేది తీరిక ఉన్నవారి గొంతే.

చట్టం మాత్రం ఉదారంగానే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. 2019 తెలంగాణ పురపాలక చట్టం ఇంకో అడుగు ముందుకేసి, అంతకన్నా చిన్నదైన జగిత్యాల వంటి చోట్ల కూడా వార్డుకు 4 కమిటీలు ఉండాలంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు.

జనాన్ని అడగడం మనకు కొత్త కాదు. 2014లో ‘మన ఊరు-మన ప్రణాళిక’ కార్యక్రమం కింద ఊళ్లు తమ అవసరాలను వరుసపెట్టి రాసిచ్చాయి. 2023 డిసెంబరు 28న మొదలైన ‘ప్రజాపాలన’ కార్యక్రమంలో కుటుంబాల నుంచి పథకాలకు దరఖాస్తులు తీసుకున్నారు. ఈ రెండూ ఒకటి కావు. పింఛను, ఇల్లు ఒక కుటుంబం అడిగేవి. వాడకట్టుకు మురుగుకాల్వ ముందా, వీధిదీపాలు ముందా అన్నది పదిమంది కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నగరం 1989లోనే ఈ చర్చను బడ్జెట్ తయారీలో భాగం చేసింది.

మన దగ్గరా బడ్జెట్‌కు ముందే, పొద్దుగూకాక, వాడకట్టులోనే సభ పెట్టాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే ఇల్లు నెట్టుకొస్తున్న ఇల్లాలిని పిలిచి మరీ అడగాలి. ఏ పని ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు పక్కనపెట్టారో ఆ వార్డులోనే గోడ మీద రాయించాలి.